రేనాటి సీమలో నాలుగు దినాలు

సెలవులు వచ్చినవంటే మనవారికి ముందుగా జ్ఞాపకం వచ్చేవి కొండమీది చల్లని ఊళ్లు, లేదా సముద్రతీరం, లేదా పుణ్యక్షేత్రం. తిరుపతికి పోయేవారు రైలులో గుంతకల్లు దాటి, తాడిపత్రి దాటి, ఎర్రగుంట్ల దాటి కడప మీదుగా పోతారు. కిటికీలోనుండి ఒకమారు నల్లరేగడి చేలూ, సున్నపురాతి గుట్టలూ, ఎండిన వంకలూ చూచి, “ఇక్కడ ఏమున్నది, అంతా రాయే గదా” అని మరల కునుకు తీస్తారు. ఆ మాట మేమును ఎన్నో ఏండ్లు అన్నవారమే. ఈ పర్యాయం సంక్రాంతి సెలవులలో మాత్రం ఆ రాయినే చూడవలెనని మేము నలుగురు మిత్రులము నిశ్చయించుకొన్నాము. కడపలో దిగి, నంద్యాల చేరేదాకా నాలుగు దినాలు తీరికగా తిరిగినాము.

తిరిగివచ్చిన తరువాత మా మనస్సులో నిలిచిన సంగతి ఒక్కటి. మనము మాట్లాడుకొనే తెలుగు, ఇతర భాషల చాటున కాక తానుగా, రాజశాసనమై రాతిమీద నిలిచిన తొలి చోటు ఈ ఎవరూ దిగని సీమయే. ఇంతవరకు దొరికిన ఆధారాలు చెప్పేది ఇదే. ఆ సంగతి తెలిసినవారు చాలామంది ఉన్నారు. ఆ రాయిని చూచినవారు మాత్రం బహు కొద్దిమంది.

రేనాడు అనే పేరు ఇప్పుడు పటాలలో కనిపించదు. కుందూ నది దిగువ లోయ, పెన్నా నది ఒడ్డు, అనగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కమలాపురం, కోవెలకుంట్ల ప్రాంతాలు కలిసినది ఆనాటి రేనాడు. శాసనాలలో దీనిని రేనాడు ఏడువేలు అని పేర్కొన్నారు. అంటే ఏడువేల ఊళ్ల నాడు అని సంప్రదాయార్థం. అది లెక్క పెట్టిన సంఖ్య కావచ్చును, గొప్పకు చెప్పిన సంఖ్యయూ కావచ్చును. నేటి లెక్కలో కొంత కడప జిల్లా, కొంత 2022లో కర్నూలునుండి వేరుపడిన నంద్యాల జిల్లా. భాషలో యాసలో మాత్రం రెంటికీ మధ్య గీత గీయడం కష్టం.

ఏడవ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ధాన్యకటకమునకు నైరుతి దిక్కున చుళియ అనే దేశమొకటి ఉన్నదని వ్రాసినాడు. అది ఈ రేనాటి చోళుల దేశమేనని చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. ఆయన ఆ దేశాన్ని మెచ్చుకొనలేదు. అడవులూ చిత్తడి నేలలూ ఎక్కువ, జనం తక్కువ, దోపిడికాండ్రు తిరుగుతూ ఉంటారు అన్నాడు. పదునాలుగు వందల సంవత్సరాలుగా బాటసారులు ఈ సీమనుగూర్చి చెబుతున్న మాట ఇంచుమించు ఒక్కటే అన్నమాట. అయితే ఆ యాత్రికుడు రాకముందే, సుమారు రెండు తరాల వెనుక, ఆ తక్కువ జనంలో ఎవరో ఒకరు ఉలి చేతబట్టి తెలుగు వాక్యం చెక్కినారు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్లు లేదు.

మొదటి దినం కడప పట్టణంలోనే గడిపినాము. 1820లో యువకుడుగా ఈ పట్టణానికి ఉద్యోగరీత్యా వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర, ఇక్కడనే తన బంగళాలో పండితులను కూర్చుండబెట్టి తాళపత్రాలకు ప్రతులు వ్రాయించిన వైనం మన శ్రోతలకు తెలియనిది కాదు. ఆ బంగళా ఉండిన స్థలంలో ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నవి. అక్కడ మేము చూడగోరినవి కైఫియతులు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో కర్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకులను ఊరూరికి పంపి, కరణాలచేత వ్రాయించిన గ్రామచరిత్రలే ఈ కైఫియతులు. ఏ ఊరు ఎవరు కట్టించినారు, ఏ చెరువు ఎప్పుడు తెగినది, ఏ గుడికి ఎంత మాన్యం, ఏ పాలెగాడు ఏమి చేసినాడు అనే సంగతులన్నీ ఇందులో ఉన్నవి. ఇవి శిథిలం కాకుండా ప్రతులు వ్రాయించి కాపాడినవారిలో బ్రౌను ఒకడు. కడప జిల్లా కైఫియతులను ఇటీవలి కాలంలో ఈ కేంద్రమే సంపుటాలుగా అచ్చువేసినది.

మరునాడు ఎర్రగుంట్లలో రైలు దిగి, అక్కడినుండి ఆటోలో కలమళ్ల చేరినాము. దూరంనుండి మొదట కనిపించేవి ఊరు కాదు, తాప విద్యుత్కేంద్రం పొగగొట్టాలు. 1990 తరువాతి సంవత్సరాలలో విద్యుత్తు ఇక్కడనుండి రాయలసీమకంతటికీ అందసాగినది. బొగ్గు రైళ్లూ, సిమెంటు లారీలూ, వాటి వెనుక లేచే తెల్లని దుమ్మూ. ఆ దుమ్ము దాటినాక శనగచేలు. మార్గశిర పుష్య మాసాలలో ఈ నల్లరేగడిలో శనగపైరు పచ్చగా ఉంటుంది. వర్షం పడి నెలలు గడిచినా ఆ నేల లోపలి తడిని విడువదు.

ఊరిలో చెన్నకేశవస్వామి ఆలయం. దాని ఆవరణలో ఉన్నది మేము చూడవచ్చిన రాయి. చూడబోయే ముందు మేము ఏదో మహాస్తంభాన్ని ఊహించుకొని ఉన్నాము. ఉన్నది విరిగిపోయిన ఒక రాతికంబం మాత్రమే. రెండు ప్రక్కల అక్షరాలు. వానకూ ఎండకూ అరిగి, కొన్ని చోట్ల వ్రేలితో తడిమితే తప్ప అక్షరమున్నదని తెలియదు. మా వెంట వచ్చిన ఊరి కుర్రవాడు, “ఇదేనా సార్, దీనికోసరమేనా అంత దూరం నుంచి వచ్చినారు?” అని అడిగినాడు. అతని ఆశ్చర్యంలో తప్పేమీ లేదు. మాకును ఒక క్షణం అట్లే అనిపించినది.

1904లో పురాతత్వశాఖవారు ఈ శాసనానికి అచ్చుప్రతి తీసినారు. తరువాత ఆచార్య నీలకంఠశాస్త్రిగారూ, వేంకటరామయ్యగారూ కలిసి దీనినీ, ఈ ప్రాంతపు ఇతర తెలుగు చోళ శాసనాలనూ పరిష్కరించి, ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ప్రకటించినారు. ఎరికల్ ముత్తురాజు అనే బిరుదుగల ధనంజయుడు రేనాడును ఏలుతూ ఉండగా వేయించిన శాసనమిది. కాలం చెప్పలేదు. అక్షరాల రూపాన్నిబట్టి ఆరవ శతాబ్దపు ఉత్తరార్ధమనీ, సుమారు 575 ప్రాంతమనీ పండితులు నిర్ణయించినారు. దీనికి తోడుబోయినది కమలాపురం ప్రాంతంలోని ఎర్రగుడిపాడు శాసనం. ఆ శాసనంలో ఒకరికి పన్నసగా, అనగా పన్నులేని మాన్యంగా, భూమి ఇచ్చిన సంగతి ఉన్నది.

ఈ శాసనాలకంటె ముందు తెలుగు లేదని కాదు. ప్రాకృత శాసనాలలోనూ సంస్కృత శాసనాలలోనూ ఊరి పేర్లుగా, మనుష్యుల పేర్లుగా తెలుగు మాటలు అక్కడక్కడ మెరుస్తూనే ఉన్నవి. కాని అవి ఇతరుల ఇంట అతిథులు. కలమళ్లలో తెలుగు తన ఇంట తాను నిలిచినది. కర్త, కర్మ, క్రియ అన్నీ తెలుగే. పాలించడాన్ని చెప్పిన చోట ఉన్నది ‘ఏలు’ ధాతువు. నేటికీ “ఆయన ఊరేలినవాడు” అని మనము అంటున్నామే, ఆ మాటయే. నేటి వర్ణమాలలో లేని అక్షరాలు ఒకటి రెండు ఇందులో కనిపిస్తవి. నోటిలో ఉండిన ధ్వని పోయినది, దానికొరకు చేసుకొన్న అక్షరమూ పోయినది, రాతిమీద మాత్రం మిగిలినది.

ఇంతకూ తెలుగులో ఎందుకు వ్రాయించినట్లు? ఈ చోళులకు సంస్కృతం రాకపోలేదు. ఆ తరువాతి పుణ్యకుమారుని మాలెపాడు తామ్రశాసనం సంస్కృతంలోనే ఉన్నది. అందులో వంశవర్ణన ఉన్నది, కరికాలునిదాకా పోయిన వంశప్రతిష్ఠ ఉన్నది. రాజు గొప్పదనం దేశదేశాలకు తెలియవలెనంటే సంస్కృతం. ఈ చేను ఎవరిది, ఎల్ల ఎక్కడిదాకా, దీనిని చెరచినవానికి ఏ పాపం తగులుతుంది అనే సంగతి ఊరివానికి తెలియవలెనంటే ఊరివాని మాట. ఒక ప్రక్క పల్లవులు, మరియొక ప్రక్క బాదామి చాళుక్యులు. ఆ ఇరువురి నడుమ నలిగిన చిన్న రాజ్యానికి ప్రశస్తులు పాడించుకొనే తీరిక కంటె, చేలుదున్నే రైతుతో సూటిగా మాట్లాడవలసిన అవసరమే ఎక్కువగా ఉండి ఉండవచ్చును. ఇది మా ఊహ. కాని తెలుగు రాజభాషగా పుట్టినది కావ్యంకొరకు కాదు, చేని గట్టు తగవు తీర్చడానికి అన్నది మాత్రం ఆ రాళ్లే చెబుతున్నవి.

ఇటువంటి సంగతి మన దేశంలోనే జరిగినదనుకోరాదు. ఐర్లండు దేశంలో నైరుతిమూల ఉన్న కెర్రీ, కార్కు వంటి జిల్లాలు పొలాలతో రాళ్లతో నిండిన పల్లెటూరి సీమలు. నాలుగవ శతాబ్దంనుండి ఆరవ శతాబ్దందాకా, ఐరిష్ భాషకు పూర్వరూపమైన మాటలను అక్కడివారు రాళ్ల అంచులమీద గీతలుగా చెక్కినారు. ఆ లిపిని ఓఘం అంటారు. ఆ రాళ్లమీద ఉన్నవి పెద్ద సంగతులు కావు. ఫలానావాని కుమారుడు ఫలానావాడు అనే పేర్లే ఎక్కువ. వాటిలో చాలా రాళ్లను తరువాతివారు నేలమాళిగలకు దూలాలుగానూ, గోడలలో రాళ్లుగానూ వాడుకొన్నారు. నేడు కార్కు విశ్వవిద్యాలయంలో ఒక నడవ పొడుగునా అట్టి రాళ్లను నిలిపి, దానికి రాతి నడవ అనే పేరు పెట్టినారు. విద్యార్థులు దినమూ వాటిప్రక్కగానే తరగతులకు పోతారు. మన రాళ్ల గతియూ మొదటి భాగంలో అచ్చముగా అట్టిదే. రెండవ భాగం మాత్రం మనము ఇంకా వ్రాసుకొనలేదు.

దీనికి దృష్టాంతం ఆ దినమే మా కంటబడినది. కలమళ్లనుండి తిరిగివస్తూ దాహానికి ఒక పల్లెలో ఆగినాము. ఆ ఊరి పేరు ఇక్కడ చెప్పము. బోరింగు దగ్గర ఒక అవ్వ గుడ్డలు ఉతుకుతున్నది. బండ పై అంచున సూర్యచంద్రులు చెక్కి ఉన్నవి. మాలో ఒకరు గుర్తించి వంగి చూచినారు. సబ్బునురుగు క్రింద వరుసలుగా అక్షరాలు.

“అవ్వా, ఈ బండ ఎప్పటినుండి ఇక్కడ ఉన్నది?”

“మా అత్త కాలం నుంచి దీనిమీదనే ఉతుకుతాండాము నాయనా. ఏమి, దీంట్లో ఏమన్నా ఉండాదా?”

ఎవరో ఏదో భూమి గుడికి ఇచ్చినట్లున్నదనీ, సూర్యుడూ చంద్రుడూ ఉన్నంతవరకు అది చెల్లవలెనని చెప్పడానికే ఆ బొమ్మలు చెక్కుతారనీ, దానిని చెరచినవారికి పాపమని చివర వ్రాస్తారనీ మాకు తెలిసినంతలో చెప్పినాము. అవ్వ చేతిలోని గుడ్డ అట్లే పట్టుకొని కొంతసేపు ఊరకున్నది. తరువాత, “చదివేటోళ్లు ఎవరూ చెప్పకపాయ. మాకేం తెలుసు నాయనా, బండ నున్నగా ఉండాదని ఏసుకున్నాము” అన్నది. ఆ మాటలో సంజాయిషీ కంటె నిష్ఠూరమే ఎక్కువగా వినిపించినది. ఆ నిష్ఠూరం మాకు తగవలసినదే. ఊరిలో నలుగురు యువకులు కలిసి గడ్డపారలతో ఆ బండను పెకలించి, గుడి అరుగుమీదికి చేర్చినారు. అవ్వ కోడలు వేరొక నాపబండ తెచ్చి అక్కడ వేసుకొన్నది. ఈ సీమలో బండలకు కొదువ లేదు. అక్షరమున్న బండలకే కొదువ.

అదే దినం సాయంకాలం మరియొక పల్లెలో గుడికి పోయినాము. అక్కడ గోడమీద శాసనమున్నదని పాత పుస్తకంలో చదివి పోయినవారము. గోడ ఉన్నది, శాసనం లేదు. జీర్ణోద్ధరణ చేసినవారు భక్తితోనే గోడ నిండా సిమెంటు పూసి, పైన రంగు వేయించినారు. ఉతికేరాయి అయిన శాసనం పదితరాలు బ్రతుకుతుంది. సిమెంటు క్రింద పడినది మాత్రం ఒక్క దినంలో పోతుంది.

శాసనానికి అచ్చుప్రతి తీయడం కష్టమైన విద్య కాదు, ఓపిక కావలసిన విద్య. రాతిని శుభ్రంగా కడిగి, తడిపిన దళసరి కాగితం దానిమీద పరుస్తారు. గట్టి కుచ్చుబ్రష్షుతో మెల్లగా కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటలలోనికి దిగుతుంది. కొంత ఆరిన తరువాత గుడ్డ చుట్టిన అద్దుడుబిళ్లతో సిరా అద్దుతారు. మిట్టగా ఉన్న రాయంతా నల్లగా వస్తుంది, గుంటలోని అక్షరం తెల్లగా మిగులుతుంది. రాయి పోయినా ఆ కాగితం మిగిలితే మాట మిగులుతుంది. 1904లో కలమళ్ల శాసనానికి జరిగిన ఉపకారం అదే. నేడు మన జేబులలో ఉన్న ఫోనులతో ప్రక్కవాటుగా వెలుతురు పడునట్లు ఒక ఛాయాచిత్రం తీసినా సగం పని అయినట్లే. తెలిసినవారికి దానిని చేర్చడం మిగిలిన సగం.

మూడవ దినం గండికోట. జమ్మలమడుగునుండి పదిహేను కిలోమీటర్ల దూరం. ఇటీవల దీనికి బాగా పేరు వచ్చినది. సూర్యోదయానికి ముందే కార్లు బారులు తీరుతవి. ఎర్రమల కొండలను నిలువునా కోసుకొని పోయిన పెన్నా నది, ఆ గండి అంచున కోట. గండిలోని కోట కనుక గండికోట. పలకలు పలకలుగా ఒకదానిమీద ఒకటి పేర్చినట్లున్న ఎర్రని బండలపై తొలివెలుగు పడే సమయంలో మాట్లాడడానికి ఎవరికీ మనసు రాదు. కాని వెలుగు వచ్చిన గంటకు ఆ కార్లన్నీ వెళ్లిపోతవి. కోట లోపలికి వచ్చి చూచేవారు కొద్దిమందే.

లోపల ఉన్నది ఒక ఊరంత చరిత్ర. మాధవరాయస్వామి ఆలయ గోపురం, రంగనాథాలయం, వాటికి కూతవేటు దూరంలోనే జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం, పావురాల గోపురం, కోనేళ్లు. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఈ దుర్గాన్ని ఏలినారు. విజయనగర ప్రాభవం సన్నగిల్లిన తరువాతను నిలిచినారు. 1650లో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా కోటను పట్టుకొన్నాడు. రెండేండ్లకు, 1652లో, టావెర్నియే అనే ఫ్రెంచి రత్నవర్తకుడు మీర్ జుమ్లాను చూడడానికి ఇక్కడికి వచ్చి, తాను చూచినది వ్రాసినాడు. కర్ణాట రాజ్యంలోని మిక్కిలి బలమైన కోటలలో ఇదొకటి అన్నాడు. రాతిలో తొలిచిన ఇరుకుబాటను వర్ణించినాడు. డేరాలో కూర్చున్న మీర్ జుమ్లా, వచ్చిన ఉత్తరాలను కాలివ్రేళ్ల సందులలోను, ఎడమచేతి వ్రేళ్ల సందులలోను ఇరికించుకొని, ఒక్కొక్కటి తీసి జవాబు చెప్పి వ్రాయిస్తూ ఉండినాడట. ఒక ఫ్రెంచి పనివానిచేత ఫిరంగులు పోయించే ప్రయత్నమూ అప్పుడు సాగుతూ ఉండినది.

టావెర్నియే గొప్ప పరిశీలకుడు. కాని ఆయన కన్ను రత్నాల మీద, ఫిరంగుల మీద, దొరల మీద. మేము ఆ ధాన్యాగారంలో నిలుచున్నప్పుడు మాకు తోచినది వేరు. ఈ సీమలో కోట బలం గోడలో కంటె గాదెలో ఉన్నది. నాలుగేండ్లకొకసారి వాన మొగం చాటువేసే దేశంలో ధాన్యం దాచినవాడే రాజు. ఆ చల్లని చీకటి గదిలో, ఎత్తైన కప్పు క్రింద, మా మాటలు మాకే తిరిగి వినిపించినవి. ఆ గింజలు పండించి కొండమీదికి మోసినవారి పేరు ఏ యాత్రికుడూ వ్రాయలేదు. ఊరి సంగతులు కొంతలో కొంత వ్రాసినది కైఫియతు వ్రాసిన కరణమే.

కోట బురుజుమీదనుండి చూస్తే పెన్నకు అడ్డంగా కట్టిన గండికోట జలాశయపు నీరు దూరంగా కనిపిస్తుంది. కృష్ణ వరదనీరు శ్రీశైలంనుండి కాలువలవెంట ఇంత దూరం వచ్చి ఈ మెట్టసీమలో నిలవడం మా తాతలు కలనైనా అనుకొననిది. ఆ నీటికొరకు కొన్ని ఊళ్లు తమ ఇండ్లను విడిచి లేచిపోయినవి. నీరు రావలసినదే, ఈ నేల అంతగా దప్పిగొన్నది. అయితే ఊరు లేచిపోయేటప్పుడు గుడి ముందరి శాసనమూ, రచ్చకట్ట ప్రక్కని వీరగల్లూ కూడా లేవవలెను గదా. 1980 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునుగుతున్న ఆలయాలను రాయి రాయి విడదీసి, కర్నూలులోను, అలంపురంలోను మరల నిలిపినారు. సంకల్పం ఉంటే సాధ్యమేనని దానివలన తెలుస్తున్నది.

నాలుగవ దినం బెలుం గుహలకు పోయినాము. కొలిమిగుండ్ల ప్రాంతంలో, పైన చదునైన చేలు. నేలలో బావివలె ఒక నోరు. మెట్లు దిగితే క్రింద మరియొక లోకం. సున్నపురాతిని భూగర్భజలం లక్షల ఏండ్లు కరిగించి మలచిన సొరంగాలు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్టు బ్రూసు ఫుట్ దీని ప్రస్తావన చేసినాడు. ఆ ప్రాంతాలలోనే ఆయన బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను త్రవ్వించి, ప్రాచీన జంతువుల ఎముకలను వెలికితీసినాడు. ఆ తరువాత సుమారు నూరేండ్లు బెలుం గుహలను పట్టించుకొన్నవారు లేరు. 1982నుండి 84దాకా జర్మను పరిశోధకుల బృందం వీటిని కొలిచి పటం గీసినది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో యాత్రికులకు తెరిచినారు.

అక్కడినుండి కోవెలకుంట్ల చేరి రైలెక్కినాము. ఎర్రగుంట్ల నంద్యాల రైలుమార్గం 2016లో మొదలైనది. అంతకుముందు ఈ ఊళ్లకు రైలు లేదు. ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లు వింటే భూగర్భశాస్త్రం చదివినవారికి పాఠ్యపుస్తకం జ్ఞాపకం వస్తుంది. నార్జి సున్నపురాయి, కోవెలకుంట్ల సున్నపురాయి, బనగానపల్లె ఇసుకరాయి, అవుకు పలకరాయి, పాణ్యం రాయి, నంద్యాల పలకరాయి. ఈ పల్లెల పేర్లే ప్రపంచంలోని శాస్త్రజ్ఞులు ఆ శిలలకు పెట్టుకొన్నారు. మన వంటింటి అరుగుమీద, పడమటింటి నేలమీద పరచిన కడపబండ ఈ రాళ్లలోనిదే. “అంతా రాయే గదా” అన్న మాట నిజమే. ఎంతటి రాయో మాత్రం మనము అడుగలేదు.

కోవెలకుంట్ల పేరు వినగానే 1847 జ్ఞాపకం రాకమానదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీవారి ఖజానాపై తిరుగబడి, ఆ సంవత్సరం ఫిబ్రవరి 22న ఇక్కడనే ఉరికంబమెక్కినాడు. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి డొక్కల కరువులో వేలమందికి అంబలి పోసి బ్రతికించినాడు. ఒకే ఊరు ఇరువది ఏండ్ల వ్యవధిలో ఒక తిరుగుబాటునూ, ఒక అన్నదాతనూ చూచినది. వీరి కథ ఈ సీమవారు పుస్తకాలకంటె ముందు పాటలలో దాచుకొన్నారు.

మా ప్రయాణం ముగిసిన నంద్యాల కూడా పేరుకు సంబంధించిన ఊరే. 1800లో నైజాం నవాబు ఈ జిల్లాలను కుంఫిణీకి ఇచ్చివేసినాడు. ఆనాటినుండి వీటికి దత్తమండలాలు అనే పేరు నిలిచినది. ఒకరు మరియొకరికి ఇచ్చిన సొత్తు అనే అర్థం తప్ప, అందులో ఇక్కడివారి ప్రస్తావన లేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో, చిలుకూరి నారాయణరావుగారి సూచనపై, ఆ పేరును తీసివేసి రాయలసీమ అనే పేరును పెట్టుకొన్నారు. తన పేరు తాను వ్రాసుకొనడం ఈ సీమకు అది మొదటిసారి కాదు గదా అని మేము స్టేషనులో టీ త్రాగుతూ అనుకొన్నాము. అంతకు పదమూడు వందల ఏండ్లకు పైబడిన మాట, కలమళ్లలో, రేనాడు అని రాతిమీద వ్రాసుకొన్నది ఇదే నేల.

2008లో కేంద్ర ప్రభుత్వం తెలుగును ప్రాచీన భాషగా గుర్తించినప్పుడు మనమందరము సంతోషించినాము. ఆ ప్రాచీనతకు సాక్ష్యం ఏది అని అడిగితే చూపవలసిన రాళ్లలో మొదటివి ఈ పల్లెలలో, ఎండలో, వానలో ఉన్నవి. వాటి శాసనాంతంలో ఒక శాపం ఉన్నది, దీనిని చెరచినవానికి పంచమహాపాతకాలు చుట్టుకొంటవని. ఎల్లకాలము శాపాలే కాపలా కాయవు. చెరచేవారు ఎవరూ లేకున్నను, చూచేవారు లేకపోతే రాయి చెరుగుతుంది.

ఈ ప్రసంగం వింటున్న గృహస్థులకు మా మనవి చిన్నది. వచ్చే సెలవులలో పిల్లలతో కలిసి ఒక్క దినం ఈ రైలులో ఎర్రగుంట్లలో దిగండి. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి ఎక్కడైనా దొరుకుతవి. కలమళ్ల రాతిముందు పిల్లవానిని నిలిపి, ఇది నీ మొదటి పలక అని చూపండి. అంత దూరం పోలేనివారు తమ ఊరి గుడి ముందర, చెరువుగట్టు మీద, రచ్చకట్ట ప్రక్కన ఉన్న బండలనైనా ఒక్కమారు వంగి చూడండి. అక్షరం కనిపిస్తే దానిమీద సున్నం వేయనీయకండి, ఊరిలో చదువుకొన్నవారికి చెప్పండి.

మేము తిరిగివచ్చిన నెలకు ఆ పల్లెనుండి ఒక ఫోను వచ్చినది. గుడి అరుగుమీది బండను ఎవరో వచ్చి చదివినారట. అది ఒక చెరువుకు ఇచ్చిన మాన్యమట. చెరువు ఇప్పుడు లేదు, పూడిపోయి చేనైనది. కాని దాని పేరు మాత్రం ఆ చేనికి ఇంకా ఉన్నదట. ఆ పేరు ఎందుకు వచ్చినదో ఊరివారికి ఇప్పుడు తెలిసినది.